పెద్ద మామా ఉయ్యాల పట్టీ

మా అన్న సిద్ధన్న కూతురు పద్మ కువైట్‌లో పని చేస్తుంది. పోయిన నెల సెలవు మీద వచ్చి, చాక్లెట్లూ సెంట్లూ అందరికీ పంచాక, నా ఒళ్ళో ఒక గుడ్డ సంచి పడేసింది. ఎర్రటి గుడ్డ మీద నలుపూ తెలుపూ గీతలు, వాటి మధ్య చిన్న చిన్న త్రికోణాలు. అక్కడ ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే డిజైన్ అట. కాఫీ కప్పుల మీద, ఫోన్ కవర్ల మీద, చివరికి చేతులు తుడుచుకునే కాగితాల మీద కూడా. నేను పాత అలవాటు కొద్దీ సంచిని తిరగేసి లోపలివైపు చూశాను. తెల్లగా, బోడిగా ఉంది. అచ్చు వేసిన గుడ్డ కదా, వెనక ఏముంటుంది! "ఇట్లాంటిది నేను నేసినాను మ్మే" అన్నాను. అది పకపకా నవ్వింది. "నువ్వా అత్తా? మన ఇండ్లల్లో ఆడోళ్ళు మగ్గం ముట్టుకుంటారా యాడన్నా?" అంది. ముట్టుకోరు. ఆ మాట నిజమే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళుగా వాళ్ళ నాయనకు తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మేము కురుబవాళ్ళం. రాయచోటి పక్కన పల్లె. గొర్రెలు, ఉన్ని, కంబళ్ళు, ఇంతే మా ఇంటి బతుకు. బొచ్చు కత్తిరించే రోజుల్లో ఇల్లంతా తడి గొర్రె వాసన వేసేది. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఆ వాసనకు అన్నం ముందు కూర్చుని ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే ఆకలేసేది. ఉన్ని ఏకడం, వడకడం ఆడవాళ్ళ పని, నేత మగవాళ్ళది. నేల మీద గుంజలు పాతి పడుగు సాగదీసి, చింతగింజలు వేయించి పొట్టు తీసి రుబ్బి కాచిన గంజిని దానికి కుంచెతో పట్టించి, బాగా ఎండనిచ్చి, అప్పుడు మా నాయనా సిద్ధన్నా నేతకు కూర్చునేవాళ్ళు. గంజి తాగని పడుగు పడుగే కాదని మా నాయన నమ్మకం. ఆడది మగ్గం దగ్గర కూర్చుంటే మందకు రోగమొస్తుందని మా అవ్వ నమ్మకం. నేను కదురు తిప్పుకుంటూ, ఎవరూ చూడటం లేదనుకుని, కొంచెం కొంచెంగా మగ్గం వైపు జరిగేదాన్ని. అవ్వ వంటింట్లో పొయ్యి ఊదుతూ కూడా కనిపెట్టేసి, "మల్లీ, నీ దారం నువ్వు చూసుకో" అని కేకేసేది. ఈడొచ్చిన పిల్లలు చీరల మీదా గాజుల మీదా ఆశ పెట్టుకుంటారు. నాకు ఆ మగ్గం మీద ఉండేది ఆశ. ఎవరికన్నా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మిల్లు దుప్పట్లు వచ్చాక కంబళి అడిగే నాథుడు లేకపోయాడు. నాయన పోయాక సిద్ధన్న కువైట్ వెళ్ళి అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా నాకూ వీసా తెప్పించి, రుమైథియాలో ఒక ఇంట్లో పనికి కుదిర్చాడు. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలవాలి. బాబా తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఆమెను నేను పెద్ద మామా అనేదాన్ని. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, ముడతల మధ్య చిన్న కళ్ళు, ఎప్పుడూ నోట్లో పళ్ళు తోముకునే పుల్ల. గుడారంలో పుట్టి ఇసుకలో పెరిగిన మనిషి. కొడుకు కట్టించిన పాలరాతి ఇల్లు ఆమెకు ఏ కోశానా నచ్చేది కాదు. ఏసీ గదిలో పడుకుంటే ఎముకలు పాడైపోతాయని వాకిట్లోనే చాప పరిపించుకునేది. పొద్దున యాలకుల కాఫీ వాసన, సాయంత్రం బొగ్గుల మీద వేసే ధూపం వాసన. ఆ రెంటి మధ్యలో, అందరూ మధ్యాహ్నం కునుకు తీసేవేళ, నాకు తెలిసిన మూడో వాసన ఒకటి. పాత గోనెలోంచి గొర్రె ఉన్ని తీసి ఆమె వాకిట్లో వడికేది.

మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు గిన్నెలు వదిలేసి వెళ్ళి ఆమె ముందు చతికిలబడ్డాను. అడక్కుండానే కదురు చేతిలోకి తీసుకుని తిప్పాను. ఆమె నా దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, నా ముఖం చూసి, మళ్ళీ దారం చూసింది. ఆ రోజు నుంచి వంటింట్లో నాకు తిట్లు తగ్గాయి. నాకు వచ్చింది వంటింటి అరబ్బీ, ఆమెది ఎడారి అరబ్బీ. అయినా గొర్రెల గురించి మాట్లాడుకోవడానికి అది చాలింది. ఆమె నేత మా నేత లాగే నేల మీదే. నాలుగు గుంజలు, పోగులు పైకెత్తే కర్ర, దాన్ని నిలబెట్టడానికి అటొకటీ ఇటొకటీ పాలడబ్బాలు, పేకను దగ్గరికి కొట్టడానికి కత్తి లాంటి చెక్క. అయితే నేసేది దుప్పటి కాదు, జానెడు వెడల్పు పట్టీ. ఒంటె నడుముకూ, గుడారానికీ, ఉయ్యాలకూ కట్టేది. మీ ఇంట్లో దీన్ని మగవాళ్ళు నేస్తారా అని అడిగాను. ఆమె అదిరిపడి, ఏబ్ అంది. అంటే తప్పు, సిగ్గుమాలిన పని అని. వాళ్ళలో నేత ఆడవాళ్ళది. మగవాడు మగ్గం ముట్టుకుంటే వంశం మొత్తం నవ్వులపాలు. మాలో తలకిందులని చెబితే ఆమె నమ్మలేదు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మా అవ్వ ఉంటే ఇద్దరినీ చీపురు తిరగేసి కొట్టేది.

తొంభైవ సంవత్సరం జూలైలో మామా కాన్పుకు పుట్టింటికి, సౌదీలో దమ్మాంకు వెళ్ళింది. బాబా కూడా వెంట వెళ్ళాడు. ఇంట్లో ముసలామె, నేను. ఆగస్టు పుట్టగానే ఒక తెల్లవారుజామున కిటికీ అద్దాలు అదిరితే లేచాం. వీధిలో ఎవరో పరుగెత్తుతున్నారు, ఎక్కడో గుండ్ల చప్పుడు, రేడియోలో ఒకటే ఏడుపు గొంతు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందని పక్కింటి డ్రైవర్ చెప్పాడు. నేను తలుపులన్నీ గడియ వేశాను. పెద్ద మామా మాత్రం కాఫీ పెట్టమంది. ఆ తర్వాత ఆమె తమ్ముడు అబూ సాలెం ట్రక్కు తీసుకుని వచ్చాడు. ఆయనకు కబ్ద్‌లో, ఊరికి దూరంగా ఇసుక మధ్యలో, గొర్రెల దొడ్డి ఉంది. అక్కడైతే సైనికుల కళ్ళు అంతగా పడవని ఆయన ఆలోచన. విలువైనవి ఏమన్నా ఉంటే ఎక్కించుకోమన్నాడు. ఆమె ముందుగా ఉన్ని గోనె, మగ్గం కర్రలు, పాలడబ్బాలు ఎక్కించింది. ఆయన తల కొట్టుకున్నాడు.

ఇప్పుడు ఒక మాట దాచకుండా చెప్పాలి. దేశమంతా ఏడుస్తున్న ఆ రోజుల్లో నేను కబ్ద్‌లో హాయిగా ఉన్నాను. భయం లేదని కాదు. సైనికులు ఒకటి రెండుసార్లు వచ్చి గొర్రెలు పట్టుకుపోయారు, అప్పుడు నన్ను గడ్డి మోపుల వెనక కూర్చోబెట్టి పెద్ద మామా మోపుల ముందే చాప వేసుకుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసింది. నీళ్ళ లారీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎండ మాడ్చేసేది. అయినా తెల్లారకముందే లేచి గొర్రెలకూ మేకలకూ దాణా వేయడం, పెనం మీద రొట్టెలు, ఎండెక్కేలోపు కాస్త వడకడం, పొద్దు వాలాక మళ్ళీ వడకడం. తుడవడానికి పాలరాయి లేదు, ఇస్త్రీ చేయడానికి బట్టలు లేవు. చుట్టూ మందా, మంద వాసనా. మా ఊరికి వచ్చేసినట్టే ఉండేది.

అక్కడే ఆమె ఉయ్యాల పట్టీ మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె నేసిన పట్టీకి కట్టిన ఉయ్యాలలోనే పడుకున్నదట. దమ్మాంలో పుట్టబోయే బిడ్డకూ అంతే. కానీ ఆమె వేళ్ళ కీళ్ళు వాచిపోయాయి, చెక్కతో కొట్టబోతే మూలుగు వస్తోంది. ఒక పొద్దున పక్కకు జరిగి, చాప మీద తట్టి, నన్ను కూర్చోమంది. నేను వెనక్కి తిరిగి చూశాను, అవ్వ ఎక్కడన్నా ఉందేమోనని! కూర్చున్నాను. మొదటి పేక దూర్చి చెక్కతో కొట్టినప్పుడు వచ్చిన ఆ చిన్న చప్పుడు, చిన్నప్పటి నుంచి గడప అవతలి నుంచి విన్న చప్పుడు, నా చేతి కింద నుంచి వచ్చింది. ఏడుపొచ్చింది. పెద్ద మామా చూసీ చూడనట్టు, శ్వయ్య శ్వయ్య, నెమ్మదిగా నెమ్మదిగా, అంటూ పోయింది.

అంతా బాగుంది అనుకునేలోపు నా తెలివి నాకు ఎదురు తిరిగింది. పడుగుకు గంజి పట్టించకుండా ఆమె ఎలా నేస్తోందా అని నాకు మొదటి నుంచీ మనసులో పీకుతూనే ఉంది. చారు కోసం రుమైథియా నుంచి తెచ్చుకున్న చింతపండులోంచి తీసిన గింజలు మూటలో ఉన్నాయి. ఆమె మధ్యాహ్నం నడుం వాల్చిన వేళ వాటిని వేయించి, నూరి, చాలకపోతే గోధుమపిండి కలిపి, చిక్కగా గంజి కాచి, మా నాయన పట్టించినట్టే పడుగంతా పట్టించాను. చూసి మురిసిపోయి, నీళ్ళకు వెళ్ళాను. వచ్చేసరికి మేకలు దొడ్డి తడిక దాటి వచ్చి, పడుగు చుట్టూ బంతికి కూర్చున్నట్టు చేరి, కమ్మగా నములుతున్నాయి. ఒకదాని మూతి నుంచి ఎర్రదారం బారెడు వేలాడుతోంది. నా కేకకు పెద్ద మామా లేచి వచ్చింది. గంజి గిన్నె చూసింది, మేకలను చూసింది, నన్ను చూసింది. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆమె ఇసుకలో కూలబడి, ముసుగు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మీ ఊళ్ళో దారానికి కూడా అన్నం పెడతారా అని అడిగింది. తర్వాత కదురు నా చేతికిచ్చింది. మళ్ళీ మొదటి నుంచి వడికాం, మళ్ళీ పడుగు పోశాం.

ఆ ఆలస్యమే మెడకు చుట్టుకుంది. బిడ్డ పుట్టాడని ఎవరి ద్వారానో కబురొచ్చింది. ఇసుకదారులు తెలిసిన కాపరుల సాయంతో చాలా కుటుంబాలు సౌదీలోకి దాటిపోతున్నాయి. సైనికులు ఆ దారుల మీద కూడా కాపలా పెడుతున్నారని అబూ సాలెం విన్నాడు. శుక్రవారం తెల్లారి బయలుదేరాలి, ఇక ఆ తర్వాత దారి ఉండదన్నాడు. పెద్ద మామా పట్టీ మగ్గం దిగకుండా రానంది. కోసెయ్ అని ఆయన అరిచాడు. ఉయ్యాల పట్టీని నడుమ కోస్తే ఆ బిడ్డకు ఏమవుతుందో ఆమె నోటితో చెప్పలేదు, తమ్ముడి ముఖంలోకి చూసిందంతే. ఆయన వాదన మానేసి నా దగ్గరికి వచ్చాడు. "అక్క ప్రాణం నీ చేతుల్లో ఉంది, మల్లా" అన్నాడు. మల్లి వాళ్ళ నోట మల్లా అయింది. ముసలామెను అక్కడ వదిలేసి ఆయన పోలేడు, ఆమె కోసం ఉండిపోతే ఆయన పిల్లలందరూ ఉండిపోవాలి. నేను పగలంతా మగ్గం వదలలేదు. ఎండకు కళ్ళు బైర్లు కమ్మినా లేవలేదు. గురువారం పొద్దెక్కేసరికి వేళ్ళు చీలి, చెక్క పట్టుకుంటే జారిపోతోంది. ఇంకా చేయి పొడుగు పని మిగిలి ఉంది.

సరిగ్గా అప్పుడు, గడ్డి లారీలో సిద్ధన్న దిగాడు. మనవాళ్ళను తీసుకెళ్ళే బస్సులు మర్నాడు ఊళ్ళో నుంచి కదులుతాయట, నన్ను తీసుకుపోవడానికి అల్ రాయ్ నుంచి అడ్డదారుల్లో వచ్చాడు. మాసిన గడ్డం, గోళ్ళలో నల్లటి గ్రీజు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది, నేను ఎక్కడ కూర్చున్నానో చూడగానే నల్లబడింది.

"ఏందిమ్మే ఇది? లెయ్" అన్నాడు.

"ఇది అయితే గానీ ఆమె కదలదు న్నా. ఆమె కదిలితే గానీ నేను కదలను."

"అవ్వ ఉంటే ఏమనేది?"

"అవ్వ ఈడ ల్యాదు గదన్నా. ఈమె ఉండాది."

ఆయన గొంతుక్కూర్చుని, పట్టీ మీద బొటనవేలు పెట్టి నేసినంత మేరా నిమిరాడు. నా వేళ్ళు చూశాడు. పేక ఇంత వదులుగా ఉంటే ఎలాగ అని గొణిగాడు. ఇక్కడ ఇట్లాగే నేస్తారన్నాను. నాయన పోయాక మగ్గం ముట్టుకోలేదని, చేతికి వస్తుందో రాదోనని, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. "జరుగు" అన్నాడు.

పెద్ద మామా ఏబ్, ఏబ్ అంటూ పరుగున వచ్చింది. మగవాడు! ఆమె మగ్గం మీద! తమ్ముడి కొడుకులు చూస్తే, కాపరులు చూస్తే, రేపు సౌదీలో చుట్టాలకు తెలిస్తే! ఆమె దొడ్డి వైపు చూసింది, ట్రక్కు వైపు చూసింది, మిగిలిన పడుగు వైపు చూసింది. ఆ తర్వాత, పరాయి మగవాడి ముందు ముసుగు జరగనివ్వని మనిషి, పైన వేసుకున్న నల్లటి అబాయా తీసి, మగ్గం ముందున్న తాడు మీద పరదాగా వేసింది. తల ముసుగు గట్టిగా చుట్టుకుని, యల్లా, కానివ్వండి, అని మాకు చెప్పి, పరదా బయట చాప మీద కూర్చుంది. అటు ఎవరు వచ్చినా, లోపల ఆడవాళ్ళ పని జరుగుతోంది పొండి, అని తరిమేసింది. అబూ సాలెం వచ్చినా తరిమేసింది.

లోపల మేమిద్దరం. సిద్ధన్న నాయన పేరు తలచుకుని మొదలుపెట్టాడు. నాలుగైదు పేకలు తడబడ్డాయి, తర్వాత చేతులకు దారి దొరికింది. ఆయన పేక దూరిస్తే నేను కొట్టాను, నాకు కాస్త ఓపిక వచ్చాక నేను దూరిస్తే ఆయన కొట్టాడు. కంబళి నేసే చేయి కదా, వద్దన్నా వినకుండా పేక బిగలాగుతూనే ఉన్నాడు, ఆయన నేసినంత మేరా పట్టీ సన్నబడింది. బెదిరిస్తూ కొంచెం, నవ్వుతూ కొంచెం, చిన్నప్పుడు మా ఇంట్లో జరగవలసింది అంతా ఆ పరదా వెనక జరిగింది. నాకు ఆ పూట కంటే సంతోషమైన పూట ఇంకోటి లేదు. పెళ్ళి రోజు కూడా కాదు, మా ఆయన విన్నా ఫరవాలేదు. పొద్దు వాలుతుండగా చివరి పేక పడింది. పెద్ద మామా లోపలికి వచ్చి, బిస్మిల్లా అని పడుగు కోసి, పట్టీని గుండెకు హత్తుకుంది. సన్నబడిన చోట ఆమె వేళ్ళు ఆగాయి. ఆమె వెళ్ళి సిద్ధన్న ముందు ఖర్జూరాల పళ్ళెం పెట్టింది.

తెల్లారి ఆమె ట్రక్కు ఒకవైపు పోయింది, మా లారీ ఇంకోవైపు. బస్రా, బగ్దాద్, అమ్మాన్, అక్కడి నుంచి విమానంలో బొంబాయి, మళ్ళీ రాయచోటి. దారి కష్టాలు అందరికీ ఉన్నవే, నాకూ ఉన్నాయి. కానీ ఊరు చేరాక అన్నం సయించనిది ఆ కష్టాలకు కాదు. ఆమె దాటిందో లేదో తెలియదు. పద్మ ఇప్పుడు అన్నం తింటూ తన కువైట్ మామాకు ఫోన్‌లో ముఖం చూపించి మాట్లాడుతుంది, అక్కడ పిల్లి ఏం తిన్నదో కూడా దీనికి తెలుసు. మాకు ఆ రోజుల్లో కనుమ దాటితే కబురు లేదు. యుద్ధం అయిపోయి, వేసవి వచ్చాక, టెలిఫోన్ బూత్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి కువైట్ నుంచి మామా మళ్ళీ చేస్తుందట అని చెప్పాడు. నేను చెప్పుల్లేకుండానే పరుగెత్తాను. పెద్ద మామా ఎలా ఉందని నేను అడగకముందే, మామా అవతల నుంచి, "ముసలమ్మ నీ చేతి రొట్టె కావాలని మా ప్రాణం తీస్తోంది, ఎప్పుడొస్తావు?" అంది. బూత్‌లోనే కూర్చుండిపోయాను.

నేను తిరిగి వెళ్ళేసరికి సైనికులు ఇంటి తలుపులు కూడా దోచుకుపోయి ఉన్నారు. నూనె బావులు ఇంకా మండుతున్నాయి, ఆరేసిన బట్టలు మసిబారి వచ్చేవి. పాలరాయి ఎంత తుడిచినా నలుపు పోయేది కాదు. పెద్ద మామా మాత్రం అదే వాకిట్లో, అదే చాప మీద. పక్కన ఉయ్యాల, ఉయ్యాలలో బొద్దుగా మనవడు. నన్ను చూసి, ఆలస్యమైందేం అని తిట్టింది. తిట్టి, ముఖం అటు తిప్పుకుంది. నేనే వెళ్ళి ఆమె తల ముద్దుపెట్టుకున్నాను.

ఆ వారమే వాళ్ళ చుట్టాల ఆడవాళ్ళు పిల్లవాణ్ణి చూడటానికి వచ్చారు. అందరూ నేత తెలిసినవాళ్ళే. బిడ్డను వదిలేసి ఉయ్యాల పట్టీ చూడసాగారు. అందులో అందరికంటే ముసలామె ఒకతె పట్టీని వేళ్ళతో తడుముతూ వచ్చి, సన్నబడిన చోట ఆగింది. ఇది ఎవరి చేయి అని అడిగింది. నేను కాఫీ కూజా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. 

"ఈ పట్టీ మా మల్లా నేసింది" అంది పెద్ద మామా. "ఆ జానెడు దాని అన్న నేశాడు. మగవాడే. నా అబాయా తీసి నేనే అడ్డం కట్టాను. ఆ జానెడు పడకపోతే నేను కబ్ద్‌లోనే ఉండిపోయేదాన్ని, వీణ్ణి చూసేదాన్ని కాదు. నవ్వేవాళ్ళు ఉంటే ఇప్పుడే నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. నేను కళ్ళు దించుకుని కాఫీ పోయడానికి ముందుకు వచ్చాను. అక్కడ మొదటి కప్పు వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళకు ఇవ్వాలి. ఆ ముసలామె ముందు వంగబోతుంటే పెద్ద మామా నా చేయి పట్టుకుని ఆపింది. ముందు నీకు పోసుకో అంది. నేను పోసుకుని, అందరి ముందూ నిలబడి, తాగాను.